లాప్‌టాప్‌లో మిరప తోట

పిల్లల లాప్‌టాప్‌లకు ఆటలు తయారుచేస్తానని చెబితే జగ్గయ్యపేటలో ఎవరికైనా ముందు వచ్చేది నవ్వు. మా ఇంట్లో ఇప్పుడు అది కూడా రావటం లేదు. మాది మిర్చి, పప్పుల హోల్‌సేల్ కొట్టు. నాన్న తరవాత అన్నయ్య చూసుకుంటున్నాడు. నేను హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. పొద్దున్నే లేచి, ఆ పని మొదలయ్యేలోపు రెండు గంటలు ఆటలు రాస్తాను. కాఫీ తెచ్చే వదిన తెర మీద గెంతుతున్న కప్పను చూసి, "నలభై దాటాయి, ఇంకా ఈ కప్పలేంది మరిది గారూ?" అనేది. అది కూడికలు నేర్పుతుంది వదినా అని చెప్పేవాణ్ణి. "మా పిల్లలకి కప్ప లేకుండానే వచ్చాయిలే" అని గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయేది.

ఆ ఆటలు నా ఒక్కడివీ కావు. ఏయే దేశాల్లోనో ఉంటూ, ఒకరి ముఖం ఒకరు చూడని కొంతమందిమి కలిసి రాసినవి. రాసిందంతా ఇంటర్నెట్‌లో తెరిచి పెడతాం. ఎవరైనా తీసుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఓపెన్ సోర్స్ అంటే అదీ. అన్నయ్యకు ఒకసారి ఇదంతా ఓపిగ్గా వివరించాను. "తాళం లేని కొట్టన్నమాట" అన్నాడు. అంతే అన్నాను. "మరి మనుషులొస్తన్నారా?" అన్నాడు. పదేళ్ళుగా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆటలు నడిచేది చిన్నపిల్లల కోసమే చేసిన బుల్లి లాప్‌టాప్‌లలో. గట్టి ప్లాస్టిక్కు, కిందపడ్డా పగలవు, వేగం సంగతి మాత్రం అడక్కండి. ఇప్పుడు వాటిని తయారుచేసేవాళ్ళు కూడా లేరు. ఎక్కడో ఏ బడిలోనో ఇంకా కొన్ని పనిచేస్తూ ఉంటాయన్న నమ్మకంతో మేం రాసుకుంటూ పోయేవాళ్ళం. నేను రాసిన ఆటను ఒక్క పిల్ల ఆడుతుండగా నేను ఎన్నడూ చూడలేదు.

ఆటల్లో తప్పులుంటే చెప్పడానికి మాకొక పేజీ ఉంది. అందులో రాసేదంతా ఇంగ్లీషే. ఒకరోజు పొద్దున తెరిస్తే తెలుగు కనపడింది. "నమస్కారమండి. మా బడికి దాతలు ఆరు చిన్న లాప్‌టాప్‌లు ఇచ్చారు. ఆటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో ఏమైనా ఉంటే చెప్పగలరు." ఏ ఊరండీ అని అడిగాను. నందిగామ దగ్గర అని వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ప్రపంచమంతా తిరిగి తిరిగి నా ఆట చేరింది, బస్సెక్కితే గంట కూడా పట్టని చోటుకి.

ఆ శనివారమే వెళ్ళాను. నందిగామలో బస్సు దిగి ఆటో ఎక్కితే హైవేకి కాస్త లోపలగా ఒక చిన్న పల్లె. ఒక గది, ఒక వరండా, పదమూడు మంది పిల్లలు, ఒక టీచరు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఆ గదిలోనే, అన్నిటికీ ఆమే. నందిగామ నుంచి రోజూ ఆటోలో వస్తుందట. నన్ను చూడగానే, "మీరు నిజంగా ఉన్నారాండీ! మెషీనేదో జవాబు రాస్తందనుకున్నా" అంది.

పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. పదేళ్ళలో నేర్చుకోనిది ఆ ఒక్క పూటలో నేర్చుకున్నాను. చెమట పట్టిన వేళ్ళకు టచ్‌ప్యాడ్ పలకదు. నేను ముచ్చటపడి రాసిన సూచనల పేజీ ఎవరూ చదవరు. నాలుగో తరగతి పిల్ల ఒకతె, రెండు జడల్లో ఒకదానికే రిబ్బను ఉన్న పిల్ల, స్పేస్ బటన్ నొక్కిపట్టి ఉంచితే కప్ప ఆగకుండా గెంతి, లెక్క చెయ్యకుండానే గెలుస్తుందని పది నిమిషాల్లో కనిపెట్టింది. అన్ని దేశాల వాళ్ళం అన్నేళ్ళుగా చూడని తప్పు అది. ఇంటికొచ్చి సరిచేశాను. మళ్ళీ వారం వెళ్తే ఆ పిల్ల నా మీద అలిగి కూర్చుంది. "బాగున్నదాన్ని ఎందుకు చెడగొట్టారు సార్?" అంది. కోపం తీర్చడానికి, నీకోసం కొత్త ఆట చేసి తెస్తానని మాటిచ్చాను.

ఆ రోజే టీచరు నన్ను హైవే మీది ఆటో దాకా సాగనంపుతూ అసలు సంగతి చెప్పింది. జూన్‌లో బడి తెరిచేటప్పటికి పిల్లలు పది మంది కంటే తగ్గితే ఈ బడి ఎత్తేసి, హైవే అవతలి బడిలో కలిపేస్తారు. ఇద్దరు ఐదు పూర్తిచేసి వెళ్ళిపోతున్నారు. కొత్తగా చేరవలసినవాళ్ళ కోసం ప్రైవేటు బడి పసుపు వ్యాను అప్పుడే ఊళ్ళోకి వచ్చి హారన్ కొడుతోంది.

"అవతల బడికి పంపిస్తే ఏమవుద్దండీ?" అని అడిగాను. అడిగిన మరుక్షణం ఒక సిమెంటు లారీ, దాని వెనక ఇంకోటి, మా ముందు నుంచి దుమ్ము రేపుకుంటూ పోయాయి.

"ఏడేళ్ళ పిల్లల్ని ఇది దాటించేది ఎవరండీ? తల్లులు తెల్లారకముందే కూలికి పోతారు. వ్యాను బడికి డబ్బులు కట్టగలిగినోళ్ళు కడతారు. కట్టలేనోళ్ళు మానిపిస్తారు, అంతే. ముందు ఆడపిల్లల్నే మానిపిస్తారు" అంది. కొంగుతో దుమ్ము దులుపుకుంటూ, "మన బళ్ళో కంప్యూటర్ ఆటలు ఉన్నాయని తల్లులు కళ్ళారా చూస్తే ఆగుతారేమో అని ఒక ఆశండీ" అంది.

పదేళ్ళలో నా ఆటకు మొదటిసారిగా ఒక పని పడింది. తిరుగు బస్సులో సీటు దొరక్క నిలబడే వచ్చాను గానీ, నేల మీద మాత్రం లేను.

కొత్త ఆట ఏం చెయ్యాలని ఎక్కువ ఆలోచించలేదు. పిల్లలకు తెలిసినదాంతో చెప్తే లెక్కలు ఇట్టే వస్తాయని మా గుంపులో అందరం నమ్ముతాం. వీళ్ళకు తెలిసింది ఏమిటి? చుట్టూ మిరప తోటలు. పెనుగంచిప్రోలు వైపు వెళ్ళి ఎర్రగా పండిన తోటల ఫొటోలు తీసుకొచ్చాను. తెర మీద సాళ్ళుసాళ్ళుగా మొక్కలు. ఎర్రకాయ కొయ్యాలి, పచ్చికాయ వదిలెయ్యాలి. ఇన్ని కాయలకు ఒక బుట్ట, ఇన్ని బుట్టలకు ఒక బస్తా. మొత్తం ఎన్ని కాయలో చెప్తే బస్తా బండెక్కుతుంది. గుణకారం అంతా అందులో దాచాను. టీచరుకు చూపిస్తే, "మా తోటలాగే ఉందండీ" అని మురిసిపోయింది. సగం తయారయ్యాక పిల్లలకిచ్చాను. రిబ్బను పిల్ల రెండు బస్తాలు నింపి నావైపు తిరిగి, "ఇందులో మేస్త్రి లేదేంది సార్?" అని అడిగింది. కూలీలను తీసుకెళ్ళి, వెనక నిలబడి పని చేయించే ఆడమనిషి, ముఠా మేస్త్రి. ఎంత మంచి ఆలోచన అనుకున్నాను! ఇంటికెళ్ళి వదినను బతిమాలి ఆమె గొంతు రికార్డు చేశాను. టైము అయిపోవస్తుంటే తలకు గుడ్డ చుట్టుకున్న మేస్త్రి గట్టు మీదికి వచ్చి, "కానియ్యండి, కానియ్యండి! పొద్దు పోతంది!" అని అరుస్తుంది.

ఆ ఆటను మా గుంపు పేజీలో పెట్టిన రోజు దేశదేశాల నుంచి మెచ్చుకోళ్ళు. స్థానిక జీవితం ఎంత అందంగా ఉంది అని ఒకరు, మా దేశంలో దీన్ని కాఫీ తోటగా మార్చుకుంటాం అని ఒకరు. నేను చంకలు గుద్దుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ పేజీ అన్నయ్యకు కూడా చూపించాను.

సెలవులకు ముందు, ఏప్రిల్ మొదట్లో, టీచరు తల్లుల మీటింగు పెట్టింది. కోతల నుంచి తిరిగొచ్చే వేళకు, మధ్యాహ్నం మూడింటికి. పది పన్నెండు మంది వచ్చారు. తలకు చుట్టిన గుడ్డలు విప్పలేదు. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని ఉన్నారు. వాళ్ళు వరండాలో కూర్చోగానే ఆ ఘాటుకు నాకు తుమ్ములు పట్టుకున్నాయి. మిర్చి కొట్లో పెరిగినవాణ్ణి, ఇప్పటికీ నాకది అలవాటు కాలేదు.

రిబ్బను పిల్ల స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు ఎంత చురుగ్గా కదిలాయంటే నేను రాసిన ఆటేనా అనిపించింది. ఆడవాళ్ళు ముందుకు వంగి చూశారు. "ఓసినీ, ఇక్కడ కూడా కాయేనా!" అంది ఒకామె. గట్టు మీదికి మేస్త్రి వచ్చి అరవగానే అందరూ గొల్లుమన్నారు. "అదుగో, అదీ వచ్చింది! బళ్ళోకి కూడా వచ్చింది!" నచ్చిందనుకుని నేనూ పళ్ళికిలించాను. ఆ పిల్ల బస్తా నింపి, లెక్క చెప్పి, బండి కదిలాక వెనక్కి తిరిగింది. "అమ్మా, చూడు, నీకంటే స్పీడు" అంది.

వాళ్ళమ్మ నవ్వలేదు. వచ్చి కూతురి రెక్క పట్టుకుని స్టూలు ముందు నుంచి లేపింది. కోపంగా కాదు, నిప్పు దగ్గర్నుంచి లేపినట్టు. తరవాత నావైపు చూసింది.

"బాబు గారూ, మీరెప్పుడన్నా కాయ కోసారా?"

"లేదమ్మా."

"కోస్తే ఇట్టాంటిది చెయ్యరు. అన్నం కలుపుకుంటే మంట. పిల్ల మొహం కడిగితే పిల్లకి మంట. ఇది కొయ్యకూడదనే గదండీ దీన్ని బడికి పంపింది. మీరు బళ్ళో కూర్చోబెట్టి మళ్ళీ అదే నేర్పిస్తన్నారు."

టీచరు కంగారుగా, "అది గుణకారం అమ్మా, లెక్కలు..." అంది.

"లెక్కలు ఇంకోటి పెట్టి చెప్పకూడదా టీచరమ్మా? ఆ వ్యాను బళ్ళో పిల్లలకి కూడా కాయ కొయ్యటమే చెప్తన్నారా?"

మిగతావాళ్ళ నవ్వులు కూడా ఆగిపోయాయి. పిల్లల్ని పిలుచుకుని ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. స్టూలు మీద లాప్‌టాప్‌లో మా వదిన గొంతు ఇంకా కానియ్యండి, కానియ్యండి అంటూనే ఉంది. మూత దించి దాన్ని ఆపాను.

ఎందుకు తట్టలేదు నాకు? ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు. మిరపకాయ మా ఇంటికి బస్తాల్లో వచ్చింది. టీచరు వాళ్ళది భూమి ఉన్న ఇల్లు, మాది కొట్టు ఉన్న ఇల్లు. ఆమె తోటను గట్టు మీద నుంచి చూసింది, నేను కాయను కాటా మీద చూశాను. ఇద్దరిలో ఒక్కరం కూడా సాల్లోకి వంగలేదు. అందుకే ఇద్దరికీ అది ముచ్చటగా కనపడింది. పోనీ, మేస్త్రి లేదేంది అని పిల్ల అడిగినప్పుడన్నా ఆగవలసింది. రోజూ ఇంట్లో వినే భయాన్ని ఆ పిల్ల చెప్తే, నేను దాన్ని సలహాల జాబితాలో రాసుకున్నాను. నా అంత మూర్ఖుడు ఇంకొకడు ఉంటాడనుకోను.

సెలవులకు ముందు ఆఖరి శనివారం వెళ్ళి ఆ పిల్లనే అడిగాను, ఆటలో ఏముంటే బాగుంటుందని. క్షణం కూడా ఆలోచించలేదు. "లిఫ్ట్" అంది. ఎక్కడ చూశావంటే, ఫోన్లో అంది. "నొక్కితే పైకి పోద్ది గద సార్."

ఎండాకాలమంతా లిఫ్ట్ మీదే కూర్చున్నాను. గుణకారం చేస్తే ఒక్కో అంతస్తు ఎక్కుతుంది. ఇంగ్లీషు, తెలుగు రెండూ పెట్టాను. మిరప తోటను పేజీలోంచి తీసేస్తే, అంత మంచి స్థానిక ఆటను ఎందుకు తీస్తున్నావని ఒకతను రాశాడు. నువ్వు వచ్చి ఒక సాలు కోసి తరవాత మాట్లాడు అని జవాబిచ్చాను. అతనికి ఏమర్థమైందో, మళ్ళీ రాయలేదు. నెల తిరక్కుండా గుంపుకు పెద్దదిక్కుగా ఉన్నాయన ఒక కబురు పెట్టాడు. ఆ లాప్‌టాప్‌లు ఎక్కడా మిగల్లేదు, చూసుకునే ఓపిక తనకూ లేదు, ఇక మీదట కొత్త ఆటలు తీసుకోం, అందరికీ కృతజ్ఞతలు. కృతజ్ఞతలు చదివి లిఫ్ట్ తలుపులు సరిచేసే పనిలో పడ్డాను.

జూన్‌లో బడి తెరిచిన వారానికి టీచరు ఫోన్ చేసింది. "తొమ్మిదండీ" అంది. అంతే అంది. రిబ్బను పిల్లను వాళ్ళమ్మ వ్యాను బళ్ళో చేర్చింది. ఆ పిల్ల ఉండి ఉంటే పది.

ఆ లెక్క నాకెవరూ చెప్పక్కర్లేదు. టీచరు ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలికయ్యేదేమో. బడి ఎత్తేశారు. ఆమెను నందిగామలోనే ఒక పెద్ద బడికి వేశారు. ఇంటికి దగ్గర, ఆటో బాధ లేదు. ఆ సంగతి చెప్తూ ఫోన్లో ఏడ్చింది. లాప్‌టాప్‌లు హైవే అవతలి బడి బీరువాలోకి వెళ్ళాయి. పరీక్షించి చూసుకోవడానికి నాకిచ్చిన ఒక్కటి మాత్రం నా బల్ల మీద ఉండిపోయింది. లిఫ్ట్ అందులో చక్కగా నడిచేది. ఎక్కేవాళ్ళే లేరు.

ఫిబ్రవరిలో టీచరు మళ్ళీ ఫోన్ చేసింది. ఫీజు కట్టలేక దసరాకే ఆ పిల్లను వ్యాను బడి మానిపించారట. అవతలి బడికీ పోవటం లేదట. "ఒకసారి వెళ్ళి తల్లితో మాట్లాడదామండీ. మీరూ రండి" అంది. వెళ్ళటానికి నాకు ముఖం చెల్లలేదు. అయినా వెళ్ళాను. ఎందుకో లాప్‌టాప్ కూడా సంచిలో పెట్టుకున్నాను.

ఊళ్ళో అడిగితే తోట చూపించారు. గట్టు మీద నుంచి చూస్తే వరసగా వంగిన వీపులు. పక్కపక్క సాళ్ళలో తల్లీ, కూతురూ. పిల్ల కూడా తలకు గుడ్డ చుట్టుకుంది, ఎవరిదో పెద్ద చొక్కా తొడుక్కుంది. టీచరు చెప్పవలసినవన్నీ చెప్పింది. పిల్ల తెలివైనది అంది, పుస్తకాలిస్తారు, అన్నం పెడతారు అంది. తల్లి చేతులు ఆగలేదు. "అన్నీ తెలుసు టీచరమ్మా. రోడ్డు ఎవరు దాటిస్తారు? మీరొస్తారా రోజూ?" అంది.

పిల్ల నన్ను చూసి గట్టు దగ్గరికొచ్చింది. "సార్, లిఫ్ట్ చేసారా?"

సంచిలోంచి తీసి తెరిచాను. చెయ్యి చాపింది గానీ, ముట్టుకోబోయి చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "చేతులకి కాయ ఉంది సార్. దానికి అంటుద్ది. మీరు నొక్కండి, నేను చెప్తా."

గట్టు మీద కూర్చున్నాం. ఎండకు తెర కనపడకపోతే టీచరు కొంగు అడ్డం పట్టింది. నాలుగు మూళ్ళు ఎన్ని అని లిఫ్ట్ అడిగింది. పిల్ల చెప్పింది, నేను నొక్కాను. తలుపులు మూసుకుని లిఫ్ట్ ఒక అంతస్తు ఎక్కింది. ఆరు ఐదులు. కాసేపు పెదాలు కదిపి చెప్పింది, ఎక్కింది. నాలుగు నెలలుగా పలక ముట్టని పిల్ల, ఒక్కటి కూడా తప్పు పోలేదు. తోటలోంచి మేస్త్రి, "ఏమ్మే, ఎంతసేపు?" అని కేకేసింది. నేను లాప్‌టాప్ మూయబోయాను.

అప్పుడు వాళ్ళమ్మ తన సాలు వదిలేసి కూతురి సాల్లోకి వచ్చింది. మావైపు చూడలేదు. "ఆడుకోనియ్యండి బాబు గారూ. దీని సాలు నేను కోస్తాలే" అంది. వంగి, రెండు చేతులా కోసి కూతురి బుట్టలో వేయటం మొదలుపెట్టింది.

"ఏడో అంతస్తు సార్" అంది పిల్ల. "నొక్కండి."

నొక్కాను.